పాత సూపర్‌కారు, కొత్త సూపర్‌కారు: పనితీరును పోల్చడం, ట్యూనింగ్ అవకాశాన్ని అంచనా వేయడం ఎలా?

1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 గరిష్ఠ వేగం గంటకు 324 కిలోమీటర్లు. 2020లో వచ్చిన పోర్షే 911 టర్బో ఎస్ గరిష్ఠ వేగం 330 కిలోమీటర్లు. ముప్పై మూడేళ్లలో పెరిగింది ఆరు కిలోమీటర్లేనా అనిపిస్తుంది. అవే రెండు కార్లు నిలిచిన చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సమయం చూస్తే ఎఫ్40కి కంపెనీ చెప్పిన లెక్క 4.1 సెకన్లు, టర్బో ఎస్‌కు 2.7 సెకన్లు. ఇప్పుడు రెండింటికీ పోలికే లేదనిపిస్తుంది. ఏ అంకెను చేతిలోకి తీసుకుంటే ఆ తీర్పే వస్తుంది కాబట్టి, ఏ అంకెను ఏ పనికి వాడాలో ముందుగా తేల్చుకోవాలి.

ట్యూనింగ్, అంటే మార్పులు చేసి కారు పవర్‌ను, పనితీరును పెంచడం, ఈ విషయంలో నాకున్న అభిప్రాయం ఒక్కటే. ఒక కారుకు ఎంత పవర్ కలపవచ్చు అన్నది రెండో ప్రశ్న. తయారీదారు ఆ కారులో ఎంత మిగులు ఉంచాడు, పవర్ పెంచినప్పుడు ఏ భాగం ముందుగా చేతులెత్తేస్తుంది అన్నది మొదటి ప్రశ్న. ఈ మార్గదర్శి అంతా ఆ మిగులును వెతకడం గురించే. ఉదాహరణలుగా ఎఫ్40, 2000లో వచ్చిన 996 తరం పోర్షే 911 టర్బో, 2017 నాటి మెక్‌లారెన్ 720ఎస్, 2020 నాటి 992 తరం 911 టర్బో ఎస్‌లను తీసుకుంటాను. ఈ నాలుగూ రెండేసి టర్బోలు (ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరాలు) ఉన్న కార్లే కాబట్టి పోలిక నిలకడగా సాగుతుంది.

1. కాగితం మీది అంకెలను ఒకే కొలతకు తీసుకురండి

మొదట పవర్. యూరప్ కంపెనీలు ఎక్కువగా పీఎస్‌లో, అంటే మెట్రిక్ హార్స్‌పవర్‌లో చెబుతాయి, అమెరికాలో హార్స్‌పవర్‌లో చెబుతారు. 720ఎస్ పేరులోని 720 పీఎస్ లెక్క. అమెరికా లెక్కలో అదే ఇంజన్ 710 హార్స్‌పవర్. ఈ తేడా చిన్నది. 1972కు ముందు నాటి అమెరికన్ కార్ల అంకెలతో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అప్పట్లో సైలెన్సరు, ఆల్టర్నేటరు వంటివి తగిలించకుండా ఇంజన్‌ను విడిగా నిలబెట్టి కొలిచిన గ్రాస్ పవర్‌నే ప్రకటనల్లో వేసేవారు. ఆ అంకెను నేటి నెట్ పవర్ పక్కన పెట్టి పోల్చకూడదు.

తరువాత బరువు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. 720ఎస్ బరువు ఒక చోట 1,283 కిలోలని, మరో చోట 1,419 కిలోలని కనిపిస్తుంది. రెండూ నిజమే. మొదటిది తేలికైన ఆప్షన్లతో, ద్రవాలేవీ లేకుండా చెప్పిన పొడి బరువు. రెండోది పెట్రోలు, ఆయిల్, కూలెంట్ నింపిన డీఐఎన్ (జర్మన్ ప్రమాణాల సంస్థ) పద్ధతి బరువు. మధ్యనున్న 136 కిలోలు దాదాపు ఇద్దరు పెద్ద మనుషుల బరువు. ఎఫ్40కి ప్రచారంలో ఉన్న 1,100 కిలోలు పొడి బరువే. దాని పక్కన 992 టర్బో ఎస్ డీఐఎన్ బరువైన 1,640 కిలోలు పెట్టి టన్నుకు ఇన్ని పీఎస్‌లని లెక్క కడితే ఎఫ్40కి 435, టర్బో ఎస్‌కు 396 వస్తాయి. పాత కారే గెలిచినట్టు కనిపిస్తుంది, అయితే ఆ గెలుపులో కొంత భాగం ఖాళీ పెట్రోలు ట్యాంకుది. వీలైతే కారును తూకానికి ఎక్కించండి. వీలుకాకపోతే కనీసం రెండింటికీ ఒకే పద్ధతి బరువు తీసుకోండి.

మూడోది గాలి. డీఐఎన్ పాత ప్రమాణం 20 డిగ్రీల ఉష్ణోగ్రత, సముద్ర మట్టపు పీడనం దగ్గర పవర్‌ను లెక్కిస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత ఆ ప్రమాణం కంటే పన్నెండు, పదమూడు శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ ఆ లోటును నేరుగా అనుభవిస్తుంది. టర్బో ఉన్న ఇంజన్ కంప్రెసర్‌ను ఇంకా వేగంగా తిప్పి కొంత పూడ్చుకుంటుంది గానీ, అందుకు బదులుగా లోపలికి వెళ్లే గాలి మరింత వేడెక్కుతుంది. అందుకే డైనో (కారు పవర్‌ను కొలిచే యంత్రం) ఇచ్చిన కాగితం చూసేటప్పుడు పవర్ అంకె కంటే ముందు, ఏ ప్రమాణానికి సవరించారో, సవరణ గుణకం ఎంతో చూడాలి. ఒకసారి ఒక వర్క్‌షాపు నాకిచ్చిన కాగితంలో పవర్ ఆశ్చర్యపడేంత ఎక్కువగా ఉంది. ఆరా తీస్తే డైనో ఉష్ణోగ్రత సెన్సర్ ఇంజన్ వేడి నేరుగా తగిలే చోట వేలాడుతోందని తేలింది. గది నిజంగా ఉన్నదానికంటే వేడిగా ఉందనుకుని సాఫ్ట్‌వేర్ లేని పవర్‌ను కలిపేసింది. నాలుగు నెలల పాటు ఆ అంకెనే నమ్మి నేను తీసుకున్న నిర్ణయాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది.

2. పోల్చే ముందు పాత కారు ఆరోగ్యం తేల్చండి

ముప్పై ఏళ్ల కారును కొత్త కారుతో పోలుస్తున్నప్పుడు మీరు నిజానికి పోల్చేది ఆ నాటి డిజైన్‌ను కాదు, ఆ కారు నేటి స్థితిని. ప్రతి సిలిండరుకూ కంప్రెషన్ పరీక్ష (ఎంత పీడనం పుడుతోందో), లీక్‌డౌన్ పరీక్ష (అందులో ఎంత కారిపోతోందో) చేయించండి. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే ట్యూనింగ్ మాట పక్కన పెట్టి ఇంజన్ విప్పే మాట మాట్లాడాలి. ఎఫ్40లో పెట్రోలు నిలవ ఉండేది పందెపు కార్ల తరహా రబ్బరు సంచుల్లో; వాటికి కాలపరిమితి ఉంటుంది, కారు నడిచినా నడవకపోయినా మార్చాల్సిందే. టైమింగ్ బెల్టుల సంగతీ అంతే.

టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే అది 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. గాడులు నిండుగా కనిపించినా, గోరుతో నొక్కితే రబ్బరు చెక్కలా గట్టిగా తగులుతుంది. అలాంటి టైరు మీద తీసిన ఏ సమయమూ పోలికకు పనికిరాదు, ఆ వేగాల్లో అది ప్రాణాలకే ప్రమాదం.

3. నిలిచిన చోటి నుంచి కాకుండా వంద నుంచి రెండొందలకు కొలవండి

సున్నా నుంచి వందకు పట్టే సమయం ఎక్కువగా చెప్పేది టైరు పట్టు, నాలుగు చక్రాల డ్రైవ్, లాంచ్ కంట్రోల్ (బయలుదేరేటప్పుడు చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు) ఎంత బాగున్నాయన్నది. గరిష్ఠ వేగం మీదా పెద్దగా ఆధారపడలేం, ఎందుకంటే గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పది శాతం పెరగాలంటే పవర్ సుమారు 33 శాతం పెరగాలి. మొదట్లో చెప్పిన ఆరు కిలోమీటర్ల చిక్కుకు ఇదొక ముఖ్య కారణం. ఇంజన్ అసలు బలాన్ని చూపేది వంద నుంచి రెండొందలకు పట్టే సమయం. చక్రాలు జారడం అప్పటికి దాదాపు అయిపోతుంది, గాలి నిరోధం ఇంకా పూర్తిగా పైచేయి సాధించదు.

లెక్క సులభం. కారు బరువుకు డ్రైవరుకని 75 కిలోలు కలపండి. రెండు వేగాలనూ సెకనుకు మీటర్లలోకి మార్చి, వాటి వర్గాల తేడాను బరువులో సగంతో గుణించి, పట్టిన సెకన్లతో భాగించండి. వచ్చేది వాట్లలో సగటు పవర్. 720ఎస్ వందకు 2.9 సెకన్లలో, రెండొందలకు 7.8 సెకన్లలో చేరుతుందని కంపెనీ లెక్క. మధ్య సమయం 4.9 సెకన్లు. బరువు 1,494 కిలోలు అనుకుంటే సగటున 353 కిలోవాట్లు, అంటే 480 పీఎస్. చెప్పిన 720లో ఇది మూడింట రెండు వంతులు. 992 టర్బో ఎస్‌కు అదే సమయం 6.2 సెకన్లు, బరువు 1,715 కిలోలు, సగటు 320 కిలోవాట్లు, అంటే 435 పీఎస్. చెప్పిన 650లో ఇదీ మూడింట రెండు వంతులే. రెండు వేర్వేరు కంపెనీల కార్లు ఒకే నిష్పత్తి దగ్గర నిలవడం చూశాక ఈ లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది. మిగిలిన మూడో వంతు గాలి నిరోధానికి, గేర్‌బాక్స్ రాపిడికి, తిరిగే భాగాలను వేగవంతం చేయడానికి, ఇంజన్ ఎప్పుడూ గరిష్ఠ పవర్ దగ్గరే ఉండకపోవడానికి పోతుంది.

ఇప్పుడు పాత మాన్యువల్ కారును ఇదే పరీక్షకు పెట్టండి. నిష్పత్తి మూడింట రెండు వంతుల కంటే కిందికి పడుతుంది. ప్రతి గేరు మార్పుకూ క్లచ్ తొక్కిన ఆ కాసేపు చక్రాలకు పవర్ అందదు, టర్బోలు నెమ్మదిస్తాయి, గేరు పడ్డాక మళ్లీ బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి పీడనం, నిండడానికి సమయం పడుతుంది. రెండు క్లచ్‌లున్న గేర్‌బాక్స్‌లో ఈ ఖాళీ దాదాపు ఉండదు. కాబట్టి నిష్పత్తి బాగా తక్కువగా ఉన్న కారుకు గుర్రపు బలం పెంచడం కంటే ఆ ఖాళీని తగ్గించడం, అంటే త్వరగా తిరిగే టర్బో, సరైన గేర్ నిష్పత్తులు, గట్టి క్లచ్ ఎక్కువ మేలు చేస్తాయి.

టైర్ల గురించి ఇక్కడే ఒక మాట. ఎఫ్40 వెనక టైరు వెడల్పు 335 మిల్లీమీటర్లు. అంతకంటే 242 పీఎస్ ఎక్కువున్న 720ఎస్ వెనక టైరు 305 మాత్రమే. మూడు దశాబ్దాల్లో రబ్బరు మిశ్రమం, ట్రాక్షన్ కంట్రోల్ ఎంత ఎదిగాయో ఈ రెండు అంకెలే చెబుతాయి. పాత కారుకు నేటి టైరు తొడిగితే సమయాలు బాగా మెరుగుపడతాయి. అయితే ఆ పట్టును తట్టుకునేలా సస్పెన్షన్ బుష్‌లను, వీల్ బేరింగులను ముందుగా సరిచేయించుకోవాలి.

4. లీటరుకు టార్క్ ఎంతో లెక్కగట్టి మిగులును వెతకండి

టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, ఇంజన్ పరిమాణంతో భాగిస్తే సిలిండర్లలో పీడనం ఎంత ఉందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నాలుగు కార్ల లెక్క ఇలా వస్తుంది:

- ఫెరారీ ఎఫ్40: 577 న్యూటన్ మీటర్లు, 2.94 లీటర్లు, లీటరుకు సుమారు 197
- పోర్షే 996 టర్బో: 560 న్యూటన్ మీటర్లు, 3.6 లీటర్లు, లీటరుకు సుమారు 156
- మెక్‌లారెన్ 720ఎస్: 770 న్యూటన్ మీటర్లు, 3.99 లీటర్లు, లీటరుకు సుమారు 193
- పోర్షే 992 టర్బో ఎస్: 800 న్యూటన్ మీటర్లు, 3.75 లీటర్లు, లీటరుకు సుమారు 214

పాత కారంటే మిగులు ఎక్కువ, కొత్త కారంటే కంపెనీయే అంతా పిండేసింది అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ లెక్క ముందు ఆ మాట నిలవదు. 1987 నాటి ఎఫ్40 తన సిలిండర్లను 2017 నాటి మెక్‌లారెన్ అంత గట్టిగానే వాడుకుంటోంది. దాని పందెపు రూపమైన ఎఫ్40 ఎల్ఎం సుమారు 700 హార్స్‌పవర్ దాకా వెళ్లింది గానీ, అది పందేనికి పందేనికి మధ్య విప్పి చూసుకునే ఇంజన్ లెక్క. 996 టర్బో కథ వేరు. పోర్షే ఇంజనీరు హాన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే ఆ ఇంజన్ లీటరుకు 156 దగ్గరే ఆగింది. అక్కడ మిగులు స్పష్టంగా కనిపిస్తోంది.

ఈ అంచనా సరైనదో కాదో చూసుకోవడానికి, అదే ఇంజన్‌తో అదే కంపెనీ తరువాత ఏం చేసిందో చూడండి. పోర్షే స్వయంగా పెద్ద టర్బోలతో, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్లతో 996 టర్బోను 420 నుంచి 450 పీఎస్‌కు, 620 న్యూటన్ మీటర్లకు పెంచింది. అదే కుటుంబపు జీటీ2ను 462కు, ఆ తరువాత 483కు తీసుకెళ్లింది. 2007లో 480 పీఎస్‌తో మొదలైన నిస్సాన్ జీటీ-ఆర్ అదే 3.8 లీటర్ల ఇంజన్‌తో చివరికి 570కి, నిస్మో రూపంలో 600కు చేరింది. మెక్‌లారెన్ మాత్రం 720ఎస్ టార్క్‌ను 765ఎల్‌టీలో 800 న్యూటన్ మీటర్లకే పెంచింది. వారంటీ ఇచ్చే కంపెనీ ఎంతవరకు వెళ్లగలిగిందో అంతవరకు మీరూ భయం లేకుండా ఆలోచించవచ్చు. అంతకు మించిన ప్రతి అడుగుకూ బాధ్యత మీదే.

టర్బో లేని ఇంజన్ల సంగతి త్వరగా తేలిపోతుంది. మెక్‌లారెన్ ఎఫ్1లో బీఎండబ్ల్యూ చేసిన 6.1 లీటర్ల వి12 ఇంజన్ 627 పీఎస్ ఇస్తుంది, లీటరుకు టార్క్ 110కి లోపే. బయటి గాలి పీడనమే దానికి హద్దు. ఎగ్జాస్ట్, క్యామ్ (వాల్వులను తెరిచే దండం), మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని ఆదేశాల పట్టిక) మార్చినా వచ్చేది కొద్ది శాతమే. అలాంటి కారులో డబ్బు పెట్టాల్సింది బరువు, టైర్లు, బ్రేకుల మీద.

5. ముందుగా తెగే లంకె ఏదో గుర్తించండి

పాత కారులోనూ కొత్త కారులోనూ ఈ లంకెలు వేర్వేరు చోట్ల ఉంటాయి.

పెట్రోలు సరఫరా. 7,000 ఆర్‌పీఎం దగ్గర సిలిండరులో ఒక పూర్తి చక్రానికి పట్టే సమయం సుమారు 17 మిల్లీసెకన్లు. పాత పద్ధతిలో వాల్వు వెనక పెట్రోలు చల్లే ఇంజెక్టరు దాదాపు ఆ సమయమంతా తెరిచి ఉండగలదు. చాలకపోతే పెద్ద ఇంజెక్టరు వేస్తే సరిపోతుంది. సిలిండరులోకే నేరుగా చల్లే కొత్త ఇంజెక్టరుకు గాలి పీల్చే దశ, నొక్కే దశలో కొంత భాగం మాత్రమే దొరుకుతాయి. అందువల్ల నేరుగా చల్లే కొత్త ఇంజన్లలో బూస్ట్‌కు అవకాశమున్నా పెట్రోలు ముందుగా చాలకుండా పోతుంది. హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు రెండూ మార్చవలసి రావడంతో ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది.

పెట్రోలు నాణ్యత. యూరప్‌లో ఈ తరగతి కార్లకు 98 ఆక్టేన్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని మ్యాప్‌లు రాస్తారు. మన బంకుల్లో సాధారణంగా దొరికే పెట్రోలు ఆక్టేన్ అంతకంటే తక్కువ. ఎంపిక చేసిన నగరాల్లో 100 దొరుకుతుంది. బయటి దేశపు ఫైలును యథాతథంగా ఎక్కిస్తే ఇంజన్ కొట్టడం, అంటే నాకింగ్ (సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఆక్సిజన్ సెన్సరున్న ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని చాలావరకు సర్దుకుంటుంది. అది లేని పాత కారులో మిశ్రమం పలచబడుతుంది. రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకునేవేనా అన్నదీ చూసుకోవాలి.

గేర్‌బాక్స్, క్లచ్. పాత మాన్యువల్‌లో క్లచ్ జారితే వాసన వస్తుంది, ఆర్‌పీఎం పెరిగినా వేగం పెరగదు, డ్రైవరుకు తెలిసిపోతుంది. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌లో కంప్యూటరే పీడనం పెంచి కొంతకాలం దాచిపెడుతుంది. ఆయిల్ వేడి చూస్తేగాని తెలియదు. జీటీ-ఆర్ పవర్‌ను బాగా పెంచినవారు ఇంజన్ కంటే ముందు గేర్‌బాక్స్ మీదే పని చేయడం దీనివల్లే.

ఈసీయూ. కొత్త ఈసీయూలు బూస్ట్‌ను నేరుగా అదుపు చేయవు. డ్రైవరు ఎంత టార్క్ అడిగాడో, ఇంజన్ ఎంత ఇస్తోందో లెక్కవేసి, లెక్కకు మించి గాలి వెళ్తే థ్రాటిల్‌ను తామే మూసేస్తాయి. ఒక్క బూస్ట్ పట్టికను మార్చి ఊరుకుంటే పవర్ పెరగకపోగా మధ్యలో కారు తడబడుతుంది. టార్క్ నమూనా అంతటినీ పొందికగా సవరించగలిగినవారే ఆ పనికి తగినవారు. పాత ఈసీయూ ఇంత తెలివైనది కాదు, అడ్డుపడదు. కానీ పొరపాటు జరిగితే కాపాడదు కూడా. నాటి ఇంజనీర్లు మిగులు ఉంచిన చోట, లోపల ఏం జరుగుతోందో కచ్చితంగా కొలవలేక ఉంచారు; నేటివారు అన్నీ కొలిచి, ఎంత ఉంచాలో తేల్చి ఉంచుతున్నారు. పాత మిగులును వాడుకునేటప్పుడు ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

హైబ్రిడ్లు. ఫెరారీ 296 జీటీబీలో 3 లీటర్ల వి6 ఇంజన్ 663 పీఎస్, మోటారు 167 పీఎస్, మొత్తం 830. బ్యాటరీ సామర్థ్యం 7.45 కిలోవాట్ గంటలు. బ్యాటరీ ఛార్జి తగ్గినా, వేడెక్కినా మోటారు వాటా తగ్గుతుంది కాబట్టి మొదటి ల్యాప్‌ను, ఐదో ల్యాప్‌ను విడివిడిగా కొలవండి. హై వోల్టేజ్ భాగాల జోలికి శిక్షణ లేనివారిని పోనివ్వవద్దు.

6. ట్యూనింగ్‌ను వరుసలో, లాగ్ చూసుకుంటూ చేయండి

వరుస ఇది: ముందు సర్వీసు, తరువాత టైర్లు, బ్రేకులు, ఆపై వేడిని తగ్గించే పని, చివరికి మ్యాప్. ఎఫ్40లో ఏబీఎస్ లేదు, బ్రేకుకు సర్వో సాయమూ లేదు; అలాంటి కారులో బ్రేకుల కంటే ముందు బూస్ట్ పెంచడం నాకు ఎన్నటికీ సమ్మతం కాదు.

మార్పుకు ముందూ తరువాతా ఒకే గేరులో, ఒకే ఆర్‌పీఎం నుంచి పూర్తి థ్రాటిల్‌తో డైనో మీద లాగ్, అంటే సెన్సర్ల అంకెల రికార్డు, తీయండి. ఉదాహరణకు, మొదలులో 38 డిగ్రీలున్న లోపలి గాలి ఉష్ణోగ్రత చివరికి 44కు చేరితే ఇంటర్‌కూలర్ పనిచేస్తున్నట్టు. అదే 63కు చేరి, నాలుగో సిలిండరులో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) మూడు డిగ్రీలు, ఆ తరువాత నాలుగున్నర డిగ్రీలు వెనక్కి వెళ్లి, మిగతా సిలిండర్లు కదలకపోతే, గాలి వేడితో పాటు ఆ ఒక్క సిలిండరుకు ప్రత్యేకమైన సమస్య ఉన్నట్టు. ఆ ఇంజెక్టరును, స్పార్క్ ప్లగ్‌ను తీసి చూడకుండా మరో చుట్టు వేయవద్దు. వెంటవెంటనే మూడు పుల్స్ (పూర్తి థ్రాటిల్ పరుగులు) తీసి, మూడోదాని పవర్‌నే మీ కారు పవర్‌గా రాసుకోండి. చల్లటి ఇంజన్‌తో తీసిన మొదటి పుల్ అంకె రోడ్డు మీద మీకు దొరకదు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్, మ్యాప్ మూడూ ఒకే రోజు మార్చినవారికి తమ డబ్బులో ఏ రూపాయి పనిచేసిందో తెలిసే దారి లేదు.

7. ఎక్కడ పరీక్షించాలి, ఏవి దాచుకోవాలి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు తెల్లవారుజామున ఎంత ఖాళీగా కనిపించినా అక్కడి గరిష్ఠ పరిమితి 120 కిలోమీటర్లు. వంద నుంచి రెండొందల పరీక్షకు అది చోటు కాదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ వంటి చోట్ల ట్రాక్ డే తీసుకోండి. కారు రోడ్డు మీద తిరిగేదైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను ముందుగా చదవండి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బీమా కంపెనీకి మార్పులు తెలియజేయకపోతే క్లెయిమ్ నిలవడం కష్టం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారు అక్కడి ఉద్గార పరీక్షల నియమాలు చూసుకోవాలి.

విప్పిన ప్రతి అసలు భాగాన్నీ శుభ్రం చేసి, ఆయిల్ రాసి, తేదీ, ఆ రోజు మీటరు రీడింగు రాసిన చీటీ కట్టి పెట్టెలో పెట్టండి. ఈసీయూ అసలు ఫైలును మార్పుకు ముందే చదివించి రెండు చోట్ల భద్రపరచండి. కొత్త కారుకు ఇది మళ్లీ కంపెనీ స్థితికి తిరిగి వచ్చే దారి. ఎఫ్40 లాంటి కారుకైతే ఆ పెట్టెలోని అసలు టర్బోలు, అసలు ఎగ్జాస్ట్, కారుతో వచ్చిన టూల్ కిట్ కలిసే దాని విలువలో పెద్ద వాటా అవుతాయి కాబట్టి, పెట్టె ఎక్కడుందో కారు కాగితాలతో పాటు రాసిపెట్టండి.